ఊసరవెల్లికి ఏ నీళ్లు పోయాలి?

కడప జిల్లాలో, పాపఘ్ని నది ఒడ్డున వేంపల్లె అనే ఊరుంది. ఊరి చుట్టూ చీనీ తోటలు, అరటి తోటలు. తోటల గట్ల వెంబడి ముళ్లకంపలు. వేసవి వచ్చిందంటే ఎండ నిప్పులు చెరుగుతుంది. పోయిన వేసవిలో నేనక్కడ బంధువుల ఇంట్లో ఉండగా ఎనిమిదో తరగతి చదివే కుర్రవాడొకడు ఇనుప వల చుట్టిన పెట్టె ఒకటి పట్టుకుని వచ్చాడు. పెట్టెలో ఒక ఊసరవెల్లి. దాని పక్కనే స్టీలు గిన్నె. గిన్నె నిండా నీళ్లు.

"సార్, మా తోట కంపలో దొరికింది. సాకుకుందామని తెచ్చుకున్యా. బోరు నీళ్లు పోస్తే ముట్టడం ల్యా. క్యాను నీళ్లు పోద్దామంటే మా నాయన దుడ్లు ఇయ్యనంటాండాడు. దీనికి ఏ నీళ్లు పోస్తే మంచిది సార్?" అన్నాడు.

కుర్రవాడి ప్రశ్న నాకు చాలా నచ్చింది. ఎందుకంటే అందులో జాలి ఉంది, అనుమానం ఉంది, ఖర్చు లెక్క కూడా ఉంది. సైన్సు చదివేవాడికి ఈ మూడూ ఉండాలి. నేనూ మీ వయసులో ఒక ఊసరవెల్లిని తెచ్చి పెట్టెలో పెట్టాను. రోజూ గిన్నె కడిగి కొత్త నీళ్లు పోసేవాణ్ణి. వారం తిరిగేసరికి అది చనిపోయింది. దాని పక్కన గిన్నె నిండుగానే ఉంది! నీళ్లు ఎదురుగా ఉండగా అది దాహంతో ఎలా చచ్చిపోయిందో నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. ఆ కుర్రవాడికి నేను చెప్పిన జవాబు మీకూ చెబుతాను. అందులో కొంత శాస్త్రం, కొంత నా అభిప్రాయం. ఏది ఏదో మీరే వేరు చేసుకోండి.

గిన్నెలో నీళ్లు దానికి కనబడవు

అన్నిటికంటే ముందు, ఊసరవెల్లి నీళ్లు ఎలా తాగుతుందో తెలుసుకోవాలి. ఏ నీళ్లు అనే ప్రశ్న దాని తరవాతే వస్తుంది.

ఊసరవెల్లి చెట్టు మీద బతికే జంతువు. దాని కాళ్లు చూడండి. వేళ్లు రెండు కట్టలుగా విడిపోయి పటకారులాగా కొమ్మను పట్టుకుంటాయి. తోక కొమ్మకు చుట్టుకుంటుంది. గుడ్లు పెట్టడానికీ, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోవడానికీ తప్ప అది నేల మీదికి రావడం తక్కువ. కొమ్మ మీద చెరువులూ కుంటలూ ఉండవు కదా! అక్కడ ఉండేవి మంచు బిందువులు, వాన చినుకులు. తెల్లవారుజామున ఆకు కొనల మీద నీటిబొట్లు మెరుస్తూ వేలాడుతుంటే అది నెమ్మదిగా వచ్చి వాటిని నాలుకతో నాకుతుంది. మెరిసే బొట్టు, కదిలే బొట్టు, జారే బొట్టు, ఇవీ దానికి తెలిసిన నీళ్లు. గిన్నెలో కదలకుండా నిలిచిన నీటిని అది సాధారణంగా నీరుగా గుర్తించదు. ఆనాడు నా పెట్టెలో జరిగిందీ, ఈనాడు ఆ కుర్రవాడి పెట్టెలో జరుగుతున్నదీ ఇదే.

ఇంకో సంగతి. పురుగును పట్టడానికి ఊసరవెల్లి తన ఒంటి పొడవును మించిన నాలుకను రెప్పపాటులో విసురుతుంది. ఆ నాలుక కొసన చిక్కటి జిగురుంటుంది. ఆ జిగురు మనిషి లాలాజలం కంటే సుమారు 400 రెట్లు చిక్కగా ఉంటుందని 2016లో కొలిచి చూసిన శాస్త్రజ్ఞులు చెప్పారు. ఆ జిగురు ఊరాలన్నా ఒంట్లో నీరుండాలి. అంటే నీళ్లు చాలకపోతే దాహమొక్కటే కాదు, వేట కూడా దెబ్బతింటుంది.

దానికి నీరు చాలుతోందో లేదో ఎలా తెలుస్తుంది? మనలాగా అది మూత్రం పోయదు. ఒంట్లో పుట్టే నత్రజని మలినాన్ని యూరిక్ ఆమ్లంగా మార్చి, రెట్టతో కలిపి గట్టి ముద్దలా వదులుతుంది. నీటిని పొదుపు చేసుకోవడానికి ప్రకృతి నేర్పిన ఉపాయమది. బల్లి రెట్టలో తెల్లటి కొస చూశారు కదూ? అదే ఇది. ఆ కొస తెల్లగా ఉంటే ఒంట్లో నీరు ఉన్నట్టు. పసుపు, నారింజ రంగుకు తిరిగితే నీరు తక్కువైనట్టు. కళ్లు లోపలికి గుంటపడితే ప్రాణానికే ముప్పు. కుర్రవాడు తెచ్చిన ఊసరవెల్లి రెట్ట ముదురు పసుపుగా ఉంది. కళ్ల చుట్టూ చర్మం కుంగి ఉంది. ఒళ్లు నల్లబడి ఉంది. ఊసరవెల్లి రంగు మార్చేది మనల్ని మోసం చేయడానికని అంటారు. నిజానికి వేడి, చలి, భయం, కోపం, ఇవన్నీ దాని ఒంటి మీద రంగులుగా కనబడతాయి. ఆ నలుపు అది మనతో చెబుతున్న మాట. వినేవాడుండాలి, అంతే.

ఇక నీళ్ల సంగతి

ఇప్పుడు ఒక్కొక్క రకం నీటినీ పరీక్షకు పెడదాం. గాయపడిన ఊసరవెల్లి ఒకటి దొరికింది, వైద్యుడి దగ్గరికి చేరేదాకా దానికి నీళ్లు అందించాలి అనుకుందాం. ఏ నీళ్లు వాడాలి?

మొదటిది బోరు నీళ్లు. వేంపల్లె పేరు భూగర్భ శాస్త్రజ్ఞులందరికీ తెలుసు. ఎందుకో తెలుసా? ఆ ప్రాంతపు రాతి పొరలకు ఆ ఊరి పేరే పెట్టారు. విలియం కింగ్ అనే శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు ప్రాంతాల రాళ్లను పరిశీలించి 1872లో వెలువరించిన గ్రంథంలో ఈ పేరు ఉంది. ఇవి ఎక్కువగా డోలమైటు, సున్నపురాయి పొరలు. దాదాపు 190 నుంచి 200 కోట్ల ఏళ్ల కిందట నిస్సారమైన సముద్రం అడుగున ఏర్పడినవి. డోలమైటు అంటే కాల్షియం, మెగ్నీషియంల కార్బొనేటు. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిగా పుల్లబడి, ఈ రాళ్ల సందుల్లోకి దిగి, వాటిని కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది. అందుకే ఆ బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొక్కు కడుతుంది. మీ పాఠంలో కఠిన జలం అని చదివారే, అది ఇదే.

కఠిన జలం ఊసరవెల్లికి విషమా? కాదు. కాల్షియం, మెగ్నీషియం మనకూ దానికీ కావలసినవే. ఆకుల మీద చల్లితే తెల్ల మచ్చలు పడతాయి, చల్లే సీసా మూతి పూడుకుపోతుంది, అంతే. అలాంటి నీటిని మరగబెట్టి, చల్లార్చి, పైన తేరుకున్న నీటిని ఒంపుకుంటే తాత్కాలిక కాఠిన్యం పోతుంది. ఖర్చు పొయ్యిలో కట్టెలంత.

కానీ బోరు నీటిలో కంటికి కనబడనివి ఇంకా ఉండొచ్చు. ఫ్లోరైడు సంగతి చూడండి. మన దేశంలో ఫ్లోరైడు వల్ల ఎముకలు వంకరపోయే జబ్బును వైద్యులు మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలోనే. మన దేశపు తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీ గ్రాము మించి ఫ్లోరైడు ఉండకూడదు. వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీ గ్రాముల దాకా ఓర్చుకోవచ్చు. మరగబెడితే సూక్ష్మజీవులు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. పైగా నీరు ఆవిరై తగ్గే కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది! నీళ్లు కాచి తాగితే అన్నీ పోతాయనే నమ్మకం ఎంత తప్పో చూశారా?

ఇక యురేనియం. వేంపల్లెకు పొరుగున వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. 2007లో దానికి శంకుస్థాపన జరిగింది. ఆ ఖనిజం దొరికేది ఈ వేంపల్లె డోలమైటు పొరల్లోనే. గని వ్యర్థాలు నిలవ చేసే చెరువు పక్కనున్న పల్లెల రైతులు తమ బోరు నీళ్లను గురించి కొన్నేళ్లుగా ఆందోళన చెబుతున్నారు. తాగే నీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. 30 మైక్రోగ్రాములంటే గ్రాములో లక్షకు మూడు వంతులు! దానికి రంగు లేదు, వాసన లేదు, ఆ మోతాదులో రుచి కూడా తెలియదు. అలాంటిదాన్ని కన్ను పట్టలేదు, నాలుక పట్టలేదు. పరీక్షే పట్టాలి. అందుచేత బోరు నీళ్లు మంచివనీ అనలేం, చెడ్డవనీ అనలేం. ఏ బోరు, ఎప్పుడు పరీక్ష చేశారు, ఫలితమేమిటి అని అడగాలి.

రెండోది కుళాయి నీళ్లు. పంచాయతీ వారు బ్లీచింగ్ పౌడరు కలిపిన నీటిలో కొద్దిగా క్లోరిను వాసన వస్తుంది. సూక్ష్మజీవులను చంపడానికి అది అవసరం. వెడల్పు గిన్నెలో పోసి పల్చటి గుడ్డ కప్పి ఒక రోజు ఉంచితే ఆ వాసన ఎగిరిపోతుంది. మనుషులు తాగడానికి పరీక్షించి వదిలిన కుళాయి నీరు ఊసరవెల్లికీ సరిపోతుంది.

మూడోది క్యాను నీళ్లు. వీటిని మన ఊళ్లలో మినరల్ వాటర్ అంటారు. ఇక్కడ ఒక తమాషా ఉంది. మినరల్ వాటర్ అంటే ఖనిజ లవణాలున్న నీరని అర్థం. కానీ ఆ క్యాను నింపే యంత్రం చేసే పని ఏమిటి? నీటిని సన్నటి పొర గుండా ఒత్తిడితో తోసి, అందులోని లవణాల్లో ఎక్కువ భాగం తీసివేయడం. లవణాలు తీసిన నీటికి లవణాల నీరని పేరు! ఫ్లోరైడు ఎక్కువున్న ఊళ్లలో ఈ యంత్రం మేలు చేస్తుందనేది నిజమే. దాన్ని నేను కాదనను. కానీ క్యాను లోపల ఎన్నాళ్లకొకసారి కడుగుతున్నారు? యంత్రంలో పొర ఎప్పుడు మార్చారు? ఆ నీటిని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? క్యాను మీద అంటించిన బొమ్మ ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పదు. ఇంకా ఒకటి. ఇళ్లలో వాడే చిన్న యంత్రాలు చాలా వరకు ఒక లీటరు మంచి నీటికి రెండు మూడు లీటర్ల ఉప్పు నీటిని బయటికి వదులుతాయి. బోరు కోసం వందల అడుగులు తవ్వుకునే సీమలో ఇది చిన్న నష్టం కాదు. ఒకటి రెండు చెంచాలు తాగే జంతువు కోసం ఇరవై లీటర్ల క్యాను కొనడమంటే చీమకు పెళ్లిభోజనం వడ్డించడమే.

నాలుగోది బ్యాటరీలో పోసే స్వేదన జలం. అంత శుద్ధమైన నీరు ఇంకోటి లేదు గనుక అదే మంచిదని కొందరు అనుకుంటారు. ఆ సీసాను తాగడం కోసం నింపరు. ఎవరూ తాగరు గనుక లోపలి శుభ్రత గురించి ఎవరూ పూచీ పడరు. చల్లటి గాలి యంత్రం నుంచి కారే నీరూ అంతే. అందులో దుమ్ము, బూజు, లోహాల మురికి ఉంటాయి. రెండూ వద్దు.

అయిదోది వాన నీరు. నా ఓటు దీనికే. ఎందుకో లెక్క వేసి చూడండి.

ఒక చదరపు మీటరు చోటు మీద ఒక మిల్లీ మీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్లు. మీ ఇంటి రేకుల పంచ మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు అనుకుందాం. తొమ్మిది చదరపు మీటర్లు. ఒక మోస్తరు జల్లు 10 మిల్లీ మీటర్లు కురిస్తే 90 లీటర్లు. ఊసరవెల్లి రోజుకు చెంచాడు నీళ్లు, అంటే 5 మిల్లీ లీటర్లు తాగుతుందనుకుంటే, 90 లీటర్లు ఎన్ని రోజులకు వస్తాయి? 18 వేల రోజులకు. అంటే 49 ఏళ్లకు! ఊసరవెల్లి బతికేదే కొద్ది ఏళ్లు. కడప జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 700 మిల్లీ మీటర్ల ప్రాంతం. కరువు సీమ అని మనం అనుకునే చోట కూడా ఒక్క జల్లు ఇంత పని చేస్తుంది. నీళ్లను అన్నేళ్లు నిలవ ఉంచమని నేననడం లేదు. నాలుగు సీసాలు పట్టుకుంటే చాలునని అంటున్నాను.

పట్టుకునే పద్ధతి మాత్రం తెలుసుకోవాలి. చాలా రోజుల తరవాత పడే మొదటి జల్లును వదిలెయ్యాలి. కప్పు మీద పేరుకున్న దుమ్ము, పిట్టల రెట్టలు దాంతో పోతాయి. తరవాతి నీటిని శుభ్రమైన బట్టలో వడగట్టి, కాచి చల్లార్చి, కడిగి ఎండబెట్టిన సీసాల్లో మూత బిగించి చీకట్లో పెట్టాలి. దోమలు గుడ్లు పెట్టకుండా మూత ఉండి తీరాలి. సిమెంటు, సున్నం కర్మాగారాలున్న చోటా, ఊరు దుమ్మెత్తే చోటా ఇంకాస్త జాగ్రత్త పడాలి.

నీటిని ఇచ్చే పద్ధతి ఇది. పాత ప్లాస్టిక్ సీసా అడుగున సూదితో సన్నటి బెజ్జం చేసి, ఆకుల కొమ్మకు పైన వేలాడదీయండి. బొట్టు బొట్టుగా ఆకు మీద పడి జారుతుంది. అదే దానికి మంచు, అదే వాన. నోరు పెగల్చి నీళ్లు పోయకండి. నీరు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తుంది.

అయితే సాకవచ్చా?

"సరే సార్. వాన నీళ్లు, బొట్లు బొట్లుగా. ఇంక సాకొచ్చు కదా!" అన్నాడు కుర్రవాడు. అక్కడే మా ఇద్దరికీ అభిప్రాయభేదం వచ్చింది.

మొదట చట్టం సంగతి. మన ఊసరవెల్లికి శాస్త్రజ్ఞులు 1768లో పేరు పెట్టారు. ఆ పేరులో సింహళం పేరు కలిసి ఉంటుంది. అయినా అది మన దక్షిణ దేశపు కంపల్లోనూ తోటల్లోనూ పుట్టి పెరిగే జంతువే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని రక్షిత జంతువుల జాబితాలో అది ఉంది. దాన్ని పట్టడం, బంధించడం, అమ్మడం, చంపడం నేరం. ప్రేమగా సాకుతున్నానన్నా చట్టం ఒప్పుకోదు.

చట్టాన్ని పక్కన పెట్టి ఆలోచిద్దాం. కుర్రవాడి వాదనలో బలం లేకపోలేదు. "బయట ఎండలకు నీళ్లే లేవు సార్. రోడ్డు మీదికొస్తే బండ్ల కింద పడతాండాయి. కనబడితే అపశకునమని రాళ్లేస్తారు. నా దగ్గరే సుఖం కదా" అన్నాడు. ఇందులో మొదటి మాట ఒక్కటే తప్పు. మిగతా రెండూ నిజాలే.

వానలు, మంచు లేని రోజుల్లో కంప మీది ఊసరవెల్లి ఎలా బతుకుతుంది? దాని నీటిలో చాలా భాగం ఆహారంతోనే వస్తుంది. మిడత, చిమ్మట, గొంగళిపురుగు ఒంట్లో సగానికి పైగా నీరే. ఎండ ముదిరితే అది ఆకుల నీడ చాటుకు పోతుంది. తోటకు నీరు పారించినప్పుడు ఆకుల నుంచి వచ్చే చల్లదనం దానికి అందుతుంది. చెమట పట్టదు, మూత్రం పోయదు. మన సీమ మనిషి బిందెడు నీళ్లతో ఇల్లు గడుపుకున్నట్టు, అది చెంచాడు నీళ్లతో వేసవి గడుపుకుంటుంది. వేలాది సంవత్సరాలుగా ఈ నేలకు అలవాటు పడ్డ ఒడుపది. మన పెట్టెలో ఆ ఆకు లేదు, ఆ నీడ లేదు, ఆ పురుగు లేదు. మనం ఇచ్చే నీళ్లు ఎంత మంచివైనా ఈ మూడింటికీ బదులు కావు. నా ఊసరవెల్లికి లోటు పడింది నీళ్లు కాదు, ఆకు.

అందుకే నా అభిప్రాయం ఇది. ఊసరవెల్లికి అన్నిటికంటే సురక్షితమైన నీరు కంప మీది ఆకు బొట్టే. అన్నిటికంటే చవకైన నీరూ అదే. దానికి దమ్మిడీ ఖర్చు లేదు. మనం చేయవలసిందల్లా ఆ ఆకునూ ఆ బొట్టునూ చెడగొట్టకుండా ఉండడం.

చెడగొడుతున్నామా? చెడగొడుతున్నాం. చీనీ తోటకు పురుగు మందు కొట్టినప్పుడు గాలికి ఆ తుంపర గట్టు మీది కంపకూ తగులుతుంది. ఆకు మీద ఆ మందు ఆరిపోతుంది. మర్నాటి తెల్లవారుజామున మంచు పడితే, ఆరిన మందు ఆ బొట్టులో మళ్లీ కరుగుతుంది. ఊసరవెల్లి నాకేది ఆ బొట్టునే. తినేది ఆ మందు తగిలిన పురుగునే. క్యాను నీళ్లు శుద్ధమా కాదా అని మనం వాదించుకుంటుంటే, దాని నిజమైన నీళ్ల గిన్నెలో మనమే విషం కలుపుతున్నాం. పోనీ మందు మానెయ్యమందామా? రైతుకు పంట పోతుంది. ఆ మాట అనడం నాకు తేలిక, వినడం రైతుకు కష్టం. కానీ గాలి లేని వేళ చూసి కొట్టవచ్చు. అవసరమైన మోతాదుకు మించి కొట్టకుండా ఉండవచ్చు. గట్టు మీది కంపను వదిలి లోపలి వరసలకే కొట్టవచ్చు. పురుగులను ఏరి తినే ఊసరవెల్లి రైతుకు జీతం అడగని కూలీ. కంపను తగలబెట్టి, దాన్ని చంపి, ఆ పని మందుతో చేయించుకోవడం లాభమా నష్టమా? మీ నాయనలతో కూర్చుని లెక్క వేయండి.

రాళ్ల సంగతి కూడా చెప్పాలి. "తొండ ముదిరితే ఊసరవెల్లి" అని మన సామెత. సామెతగా బాగుంది గాని శాస్త్రంగా తప్పు. తొండ ఎంత ముదిరినా తొండే. ఊసరవెల్లి వేరే కుటుంబం. రెంటికీ విషం లేదు. తొండ గొంతు ఎర్రబడితే మన రక్తం పీలుస్తుందన్నదీ అబద్ధమే. ఒక్క తరగతి పిల్లలు ఈ రెండు మాటలు ఇంట్లో చెబితే ఎన్ని రాళ్లు ఆగుతాయో ఆలోచించండి.

మీరు చేయగల పనులు

ఊసరవెల్లి మీద ప్రేమ ఉంటే దాన్ని ఇంటికి తేవాలని లేదు. మీరే దాని ఇంటికి వెళ్లండి. చలికాలంలో తెల్లవారకముందే గట్టు దగ్గర దూరంగా నిలబడి చూడండి. ఎన్ని గంటలకు కదిలింది, ఏ ఆకును నాకింది, ఎండ వచ్చేసరికి రంగు ఎలా మారింది, ఒక పుస్తకంలో రాసుకోండి. ఏడాది రాస్తే అది ఏ పెట్టె పెంపకమూ నేర్పని పాఠమవుతుంది.

రోడ్డు దాటుతూ కనబడితే ఒక పుల్ల అందించండి, ఎక్కుతుంది. అది ఏ వైపు పోతోందో ఆ వైపు కంప మీదే వదలండి. గాయపడి ఉంటే అటవీ శాఖ వారికి, పశువైద్యుడికి పెద్దల ద్వారా కబురు చేయండి. ఆ లోపల ఆకు మీద బొట్లు ఎలా వేయాలో మీకు ఇప్పుడు తెలుసు.

ఇంకొక్క పని. ఇది ఊసరవెల్లి పేరు మీద మొదలైనా మీకోసమే. మీ బడిలో తాగే నీళ్లను చివరిసారి ఎప్పుడు పరీక్షించారో మీ సైన్సు మాస్టారిని అడగండి. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ప్రయోగశాలలున్నాయి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో వాడే పరీక్ష పెట్టెలు కూడా ఇచ్చారు. కాఠిన్యం ఎంత, కరిగిన లవణాలు ఎన్ని, ఫ్లోరైడు ఎంత, నైట్రేటు ఎంత, ఇవి అడగడం తప్పు కాదు. తుమ్మలపల్లె పరిసరాల్లో ఉన్నవారు యురేనియం సంగతి కూడా అడగాలి. జవాబు అంకెల్లో రావాలి. "మా నీళ్లు మంచివే" అనే జవాబు జవాబు కాదు. ఒక చిన్న జంతువుకు ఏ నీళ్లు పోయాలా అని అంత ఆలోచించిన కుర్రవాడు, తాను రోజూ తాగే నీళ్లను గురించి ఒక్కసారీ అడగలేదు! మనలో చాలామంది అంతే.

ఆ సాయంత్రం మేమిద్దరం ఆ పెట్టె పట్టుకుని చీనీ తోట గట్టుకు వెళ్లాం. కుర్రవాడు దాన్ని దొరికిన చోటే, రేగు కంప కొమ్మ మీద వదిలాడు. నేను సీసాలోని నీళ్లు ఆకుల మీద చిలకరించాను. చాలాసేపు అది కదలలేదు. ఒక కన్ను మా వైపు, ఒక కన్ను ఆకు వైపు తిప్పుతూ ఉంది. తరవాత మెల్లగా ఒక అడుగు, ఇంకో అడుగు వేసింది. ఆకు కొనన వేలాడే బొట్టును నాకింది. ఇంకో బొట్టు. ఇంకొకటి.

"తాగుతాంది సార్!" అన్నాడు కుర్రవాడు గుసగుసగా.

అవి ఏ నీళ్లో అతను అడగలేదు. వాళ్ల నాయన తాగడానికి తోటకు తెచ్చుకున్న కడవలోవే.